మీ కంప్యూటర్ల డేటా ఎవలు తాగుతున్నరు? లెక్క చూసే సాఫ్ట్‌వేర్ ఎంచుకునుడు ఎట్ల?

రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాకు. ఫోన్‌ల హాట్‌స్పాట్ పెట్టి, ల్యాప్‌టాప్‌కు కలిపి, గ్రూప్స్ క్లాసు ఒక గంట విందామని కూసుంటరు. క్లాసు సగం కాకముందే మెసేజ్ వస్తది: మీ డేటా అయిపోయిందని. సినిమా చూసింది లేదు, ఆట ఆడింది లేదు. మరి డేటా ఎవలు తాగిన్రు?

ఊర్లల్ల చదువుకునే పోరలకు ఇది రోజూ ఉండే లొల్లే. చాలామంది ఏం చేస్తరంటే, గూగుల్ల 'నెట్ మానిటర్ ఫ్రీ' అని కొట్టి, ముందుగాల ఏది కనవడితే అది దింపుకుంటరు. దాంతోని ఇంకో రెండు తెల్వని సాఫ్ట్‌వేర్లు వెంట వస్తయ్. దొంగను పట్టెటందుకు కావలోన్ని పెడితే, ఆ కావలోడే తలుపు తీసి పెట్టినట్టయితది.

అందుకే ఒక మాట ముందే చెప్తున్న. సాఫ్ట్‌వేర్ ఎంచుకునేకంటే ముందు, మీ ప్రశ్న ఏందో ఎంచుకోన్రి. ప్రశ్న చిన్నదైతే పనిముట్టు చిన్నదే చాలు. నూటికి తొంభై మందికి కావాల్సింది కంప్యూటర్ల ఇప్పటికే ఉన్నది. కొత్తది ఏదీ దింపుకునే పని లేదు.

చెరువు, తూము, నీరటి

ఎన్కట మన చెరువులకు నీరటి ఉంటుండె. ఏ తూము ఎంత లేపిన్రు, నీళ్లు ఏ కాల్వకు పోతున్నయ్, ఎవల పొలానికి ఎంత పారింది, అంతా ఆయనకు ఎర్క. చెరువు మీద పెత్తనం ఆయనది కాదు. కానీ లెక్క ఆయన కాడ ఉంటుండె కాబట్టి, ఎవడన్న రాత్రిపూట దొంగతనంగ తూము లేపితే తెల్లారేసరికి ఊరికి తెలుస్తుండె.

కంప్యూటర్ల నెట్ సుత గిట్లనే నడుస్తది. మనం తెరిచిన బ్రౌజర్ ఒక్కటే నెట్ వాడదు. వెనకాల విండోస్ అప్‌డేట్, యాంటీవైరస్, ఫొటోలు దాచే క్లౌడ్, ఆటల లాంచర్, ప్రింటర్ సాఫ్ట్‌వేర్, ఎవరికి వాళ్లు తూము లేపుకుంటరు. కొన్ని లోపలికి తెచ్చుకుంటయ్, కొన్ని బయటికి పంపుతయ్. నెట్‌వర్క్ మానిటర్ అంటే ఈ తూముల కాడ నిలబడే నీరటి. అది చెప్పేటియి మూడే ముచ్చట్లు: ఎంత పోయింది, ఎవలు వాడిన్రు, ఎక్కడికి పోయింది.

ఈ మూడు ప్రశ్నలకు మూడు వేర్వేరు పనిముట్లు ఉన్నయ్. ఒక్కొక్కటి చూద్దాం.

మొదటి ప్రశ్న: ఎంత?

విండోస్ 10ల గాని 11ల గాని సెట్టింగ్స్ తెరిచి, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్‌లకు పోయి, డేటా యూసేజ్ అని ఉన్నకాడ నొక్కున్రి. 11ల అయితే అది అడ్వాన్స్‌డ్ నెట్‌వర్క్ సెట్టింగ్స్ లోపల ఉంటది. పోయిన 30 రోజులల్ల ఏ ప్రోగ్రాం ఎంత డేటా వాడిందో వరుసగ కనవడ్తది. మీది వైఫై కాడ ఎంతో, కేబుల్ కాడ ఎంతో వేరువేరుగ చూపిస్తది. అక్కడనే లిమిట్ పెట్టుకునే సౌలత్ ఉన్నది. ఆ లెక్క దగ్గరికి రాంగనే కంప్యూటరే చెప్తది.

డేటా ఖతమవుడే మీ బాధ అయితే ఇది చాలు. దాంతోపాటు ఇంకొక్క పని చెయ్యున్రి. మీ హాట్‌స్పాట్ పేరు మీద నొక్కి, ప్రాపర్టీస్‌ల 'మీటర్డ్ కనెక్షన్' ఆన్ పెట్టున్రి. 'ఇది కొలిచి ఇచ్చే నీళ్లు, జర చూసి వాడు' అని విండోస్‌కు చెప్పినట్టు. పెద్ద పెద్ద అప్‌డేట్లు చాలావరకు ఆగుతయ్. అట్లని ఎప్పటికీ అప్‌డేట్లు ఆపొద్దు. వారానికోసారి వైఫై ఉన్నకాడ కూసుని చేసుకోవాలె.

ఇక్కడ చిన్న లెక్క ఒకటి గుర్తుపెట్టుకోన్రి. స్పీడును ఎంబీపీఎస్‌ల చెప్తరు, అది మెగాబిట్. ప్యాకును ఎంబీ, జీబీలల్ల చెప్తరు, అది బైట్. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైట్. మరి ఒక ప్రోగ్రాం 0.1 ఎంబీపీఎస్ మాత్రమే వాడుతున్నదనుకోన్రి. చూస్తె ఏమీ కాదనిపిస్తది. కానీ అది రోజంత ఆగకుంట నడిస్తే 24 గంటలల్ల ఒక జీబీ దాటుతది. నల్లా చుక్కచుక్క కారినట్టే. పెద్ద దూప ఉన్నోన్ని అందరం చూస్తం, చుక్కచుక్క తాగేటోన్ని ఎవరం చూడం.

రెండో ప్రశ్న: ఎవలు?

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్, ఈ మూడు బటన్లు ఒకేసారి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తది. దాన్ల 'నెట్‌వర్క్' అనే వరుస మీద నొక్కితే, ఆ నిమిషంల ఎక్కువ నెట్ వాడేది పైకి వస్తది. ఏదన్న తెల్వని పేరు ఉంటే దాని మీద రైట్ క్లిక్ కొట్టి, 'ఓపెన్ ఫైల్ లొకేషన్' చూడున్రి. ఆ ప్రోగ్రాం ఎక్కడ కాపురం ఉంటున్నదో తెలుస్తది.

ఇంకా వివరం కావాలంటే స్టార్ట్ మెనూల 'రిసోర్స్ మానిటర్' అని వెతకున్రి. దాన్ల నెట్‌వర్క్ పేజీల ఏ ప్రోగ్రాం సెకనుకు ఎంత పంపుతున్నది, ఎంత తెచ్చుకుంటున్నది, వేర్వేరుగ ఉంటది. 'తెచ్చుకునుడు' కంటే 'పంపుడు' మీద కన్నేసి ఉంచున్రి. మీరు వీడియో చూస్తుంటే తెచ్చుకునుడు ఎక్కువుంటది, అది సహజం. మీరు ఏమీ అప్‌లోడ్ చేస్తలేరు, కానీ పంపుడు అదేపనిగ నడుస్తుందంటే, ఎవడు ఏం పంపుతుండని అడగాలె.

చాలాసార్లు జవాబు మామూలుదే ఉంటది. క్లౌడ్ సాఫ్ట్‌వేర్ మీ పెండ్లి ఫొటోలన్నీ పైకి ఎక్కిస్తుండొచ్చు. లేకపోతే విండోస్ల 'డెలివరీ ఆప్టిమైజేషన్' అనే ఏర్పాటు ఉన్నది. మీ కంప్యూటర్ దింపుకున్న అప్‌డేట్ ముక్కలను పక్క కంప్యూటర్లకు పంచుతది. దాన్ల 'ఇంటర్నెట్ మీదున్న కంప్యూటర్లు' అనే ఎంపిక పెట్టి ఉంటే, మీ ప్యాకుతోని ఎవలో తెల్వనోళ్లకు సుత అప్‌డేట్ పోతది. విండోస్ అప్‌డేట్ సెట్టింగ్స్‌ల అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ లోపలికి పోయి దాన్ని బంద్ పెట్టుకోవచ్చు. వైరస్ లేదు, దొంగ లేడు. మనల్ని అడగకుంట పెట్టిన ఏర్పాటు అంతే.

బ్రౌజర్ ఒక్కటే బాగ తాగుతుంటే, ఏ ట్యాబ్ తాగుతుందో టాస్క్ మేనేజర్ చెప్పది. క్రోమ్‌ల ఉన్నప్పుడు షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కున్రి. క్రోమ్‌కు సొంత టాస్క్ మేనేజర్ ఉన్నది, అది ట్యాబ్ వారీగ చూపిస్తది.

ఇంకో పేరు చూసి చాలామంది బుగులు పడ్తరు: 'ఎస్‌వీసీ హోస్ట్'. ఒకటి కాదు, పదుల కొద్ది కనవడ్తయ్. అది విండోస్ సొంత పనోడే. చానా సర్వీసులు దాని పేరు మీద నడుస్తయ్. అసలుది సీ డ్రైవ్‌ల, విండోస్ ఫోల్డర్ లోపల, సిస్టమ్32ల ఉంటది. అదే పేరు పెట్టుకున్నది డౌన్‌లోడ్స్‌లనో, టెంప్ ఫోల్డర్‌లనో దొరికితే మాత్రం అది మారువేషమే.

మూడో ప్రశ్న: ఎక్కడికి?

ఈ ప్రశ్న అందరికి అవసరం లేదు. ఏదన్న ప్రోగ్రాం మీద అనుమానం గట్టిగ ఉన్నప్పుడు 'టీసీపీవ్యూ' పనికొస్తది. సిసింటర్నల్స్ అనే చిన్న పనిముట్ల సంచిల ఇది ఒకటి. మార్క్ రుసినోవిచ్, బ్రైస్ కాగ్స్‌వెల్ అనే ఇద్దరు మొదలుపెట్టిన పని అది. 2006ల మైక్రోసాఫ్ట్ కొన్నది, ఇప్పటికి ఉచితమే. ఇన్‌స్టాల్ చేసే పని లేదు. మైక్రోసాఫ్ట్ సైట్లకెళ్లి జిప్ దింపి, విప్పి, నడిపిస్తే సరి. పని అయినంక తీసేయొచ్చు. ఏ ప్రోగ్రాం ఏ అడ్రసుతోని మాట్లాడుతున్నదో వరుసగ కనవడ్తది. కొత్త కనెక్షన్ వస్తే పచ్చగ, తెగిపోతే ఎర్రగ మెరుస్తది.

ఇక్కడ ఒక జాగ్రత్త. అడ్రసు అమెరికాదనో సింగపూర్‌దనో చూసి 'నన్ను హ్యాక్ చేసిన్రు' అని లొల్లి పెట్టొద్దు. పెద్ద సైట్లు అకమాయ్, క్లౌడ్‌ఫ్లేర్ అసుంటి కంపెనీల కాడ సామాన్లు పెట్టి పంచుతయ్. మీరు తెలుగు పేపర్ సైటు తెరిచినా అడ్రసు ఇంకెక్కడిదో కనవడొచ్చు. అడ్రసు ఒక్కటే చూసి తీర్పు చెప్పరాదు. ప్రోగ్రాం పేరు, అది ఉన్న జాగ, పంపే డేటా, ఈ మూడు కలిపి చూడాలె.

రోజంత కావలి కావాలంటే

పైన చెప్పినయన్నీ మనం చూసినప్పుడే చెప్పేటియి. మనం లేనప్పుడు సుత కనిపెట్టి, 'కొత్త ప్రోగ్రాం ఒకటి మొదటిసారి నెట్‌కు పోయింది' అని చెప్పేది కావాలంటే గ్లాస్‌వైర్ అసుంటిది ఉన్నది. గీతల బొమ్మ లెక్క చూపిస్తది, చూసుడు సులువు. కొన్ని సౌలత్‌లు ఉచితం, కొన్నిటికి పైసలు కట్టాలె. ఇంట్ల నలుగురు వాడే కంప్యూటర్ అయితే, లేకపోతే దాని మీద బ్యాంకు పని చేస్తుంటే, గిట్లాంటిది ఒకటి పెట్టుకునుడు తప్పు కాదు. కానీ పాత కంప్యూటర్ల, 4 జీబీ ర్యామ్ ఉన్నకాడ, రోజంత నడిచే ప్రోగ్రాం ఏదైనా బరువే.

ఉబుంటు అసుంటి లినక్స్ వాడేటోళ్లకు 'నెట్‌హాగ్స్' ఉన్నది, ఏ ప్రోగ్రాం ఎంత వాడుతున్నదో చెప్తది. 'వీఎన్‌స్టాట్' అయితే రోజు వారీగ, నెల వారీగ లెక్క రాసి పెడ్తది. రెండూ ఉచితం, రెండింటి కోడ్ అందరికి కనవడేటట్టు ఉన్నదే.

యూట్యూబ్ల మాత్రం ఎవల్ని చూసినా వైర్‌షార్క్ పేరే చెప్తరు. 1998ల గెరాల్డ్ కోంబ్స్ అనే ఆయన ఎథీరియల్ అని మొదలుపెట్టిండు, 2006ల పేరు మారింది. గొప్ప సాఫ్ట్‌వేర్, ఉచితం, నెట్‌వర్కింగ్ నౌకరి చెయ్యాలనుకునేటోళ్లు తప్పకుంట నేర్చుకోవాలె. కానీ 'నా డేటా ఎవడు తిన్నడు' అనే ప్రశ్నకు అది సరైన పనిముట్టు కాదు. అది కాల్వల నీళ్లు ఎంత పోతున్నయో చెప్పది, ఒక్కో చుక్కను తీసి చేతుల పెడ్తది. నిమిషంల వేల వరుసలు వస్తయ్. ఇయ్యాల చాలా సైట్లు తాళం వేసిన రూపంలనే డేటా పంపుతయ్ కాబట్టి, లోపల ఏమున్నదో దాన్ల కనవడది కూడ.

కావలోడే దొంగైతే?

నెట్‌వర్క్ మానిటర్‌కు మీ కంప్యూటర్ల ఎవ్వలికి లేనంత చనువు ఇస్తం. అన్ని తూముల కాడ అదే ఉంటది. కాబట్టి అది ఎవలది, ఎట్ల బతుకుతున్నది అని అడగాలె. ఇది ఒట్టి అనుమానం కాదు, జరిగిన ముచ్చట్లు ఉన్నయ్.

ఓనవో అని ఒక ఫోన్ యాప్ ఉండె. డేటా పొదుపు చేస్తం, కాపాడుతం అని చెప్పుకున్నది. 2013ల ఫేస్‌బుక్ దాన్ని కొన్నది. జనం ఫోన్లల్ల వేరే ఏ యాప్‌లు ఎంత వాడుతున్నరో దాని ద్వారా చూసి, పోటీ కంపెనీల జాతకం తెలుసుకున్నది. 2018ల ఆపిల్ స్టోర్లకెళ్లి పోయింది, 2019ల పూర్తిగ మూతపడ్డది. 2023ల ఆస్ట్రేలియా కోర్టు ఈ కేసుల మెటా అనుబంధ కంపెనీలకు 2 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా వేసింది.

అవాస్ట్ పేరున్న యాంటీవైరస్. కాపలా కాసుడే దాని పని. కానీ వాడేటోళ్లు ఏ సైట్లు చూసిన్రో ఆ చిట్టాను తన పిల్ల కంపెనీ ద్వారా అమ్ముకున్నదని తేలింది. 2024ల అమెరికా ట్రేడ్ కమిషన్ 1 కోటి 65 లక్షల డాలర్లు కట్టమన్నది. ఇగ 2017ల సీక్లీనర్ ముచ్చట వేరు. కంపెనీ చెడ్డది కాదు, కానీ ఎవలో కంపెనీ లోపలికి చొరబడి దాని అసలు సాఫ్ట్‌వేర్‌లనే వైరస్ కలిపిన్రు. 22 లక్షలకు పైన కంప్యూటర్లల్లకు ఆ వర్షన్ పోయింది.

దీన్ల మనం నేర్చుకునేది ఏంది? దింపుకున్న ప్రతి సాఫ్ట్‌వేర్ ఒక కొత్త తూమే. అందుకే ఎంచుకునేటప్పుడు ఈ ఐదు ప్రశ్నలు అడగున్రి:

ఒకటి, ఈ పని కంప్యూటర్ల ఉన్నదాంతోనే కాదా?
రెండు, చేసినోని సొంత సైట్లకెళ్లే దింపుతున్నమా, లేక నడుమల డౌన్‌లోడ్ సైట్లకెళ్లా?
మూడు, ఉచితం అంటే ఎట్ల? కోడ్ అందరికి తెరిచి పెట్టిన్రా, పైసలు కట్టే వర్షన్ అమ్ముకుని బతుకుతున్నరా? రెండూ కాకపోతే అమ్ముడుపోయే సరుకు మనమే కావొచ్చు.
నాలుగు, లెక్క నా కంప్యూటర్‌లనే ఉంటదా, వాళ్లకు పోతదా? అకౌంట్ తెరవకుంటే నడవనంటే అనుమానపడున్రి.
ఐదు, అది చూపించేది నాకు అర్థమైతున్నదా? అర్థం కాని లెక్క ఉన్నా లేకున్నా ఒకటే.

క్రాక్ చేసిన మానిటర్ సాఫ్ట్‌వేర్ మాత్రం వద్దే వద్దు. 'యాంటీవైరస్ బంద్ పెట్టి ఇన్‌స్టాల్ చెయ్యున్రి' అని రాసి ఉన్నదంటేనే ఆడికే ఆగిపోన్రి. దుకాణపోడు వేసిచ్చిన క్రాక్ విండోస్ మీద కూసుని దొంగ కోసం వెతుకుడు, తలుపు తీసి పెట్టి కిటికీకి తాళం వేసినట్టే.

నీరటికి తెల్వనియి

మానిటర్ అన్నీ చెప్తదనుకోవద్దు. కంప్యూటర్ల ఉన్నది ఆ కంప్యూటర్ లెక్కే చెప్తది. అదే ప్యాకు మీద ఫోన్ తాగింది దానికి తెల్వది. కాబట్టి ఫోన్ సెట్టింగ్స్‌ల డేటా యూసేజ్ సుత చూసి, రెండు పక్కపక్కన పెట్టి కూడుకోవాలె. చాలాసార్లు దొంగ ఫోన్‌లనే దొరుకుతడు, వాటంతటవే నడిచే వీడియోల రూపంల.

ఇంకోటి, మీ కంప్యూటర్ మీద దొంగతనంగ క్రిప్టో తవ్వుకునే వైరస్ ఉంటే, అది నెట్ తక్కువ తాగుతది, కరెంటు, ప్రాసెసర్ ఎక్కువ తాగుతది. కాబట్టి టాస్క్ మేనేజర్ల సీపీయూ వరుస సుత చూడున్రి. ఏమీ చెయ్యకున్నా ఫ్యాన్ అదేపనిగ తిరుగుతుంటే అది ఒక గుర్తు.

ఎనీడెస్క్ అసుంటి రిమోట్ సాఫ్ట్‌వేర్ మీకు తెల్వకుంట నడుస్తుంటే అది అన్నిటికంటే ప్రమాదం. సాఫ్ట్‌వేర్ దొంగది కాదు, కానీ బ్యాంకోళ్లమని ఫోన్ చేసేటోళ్లు దాన్నే వేయిస్తరు. 2019లనే రిజర్వ్ బ్యాంక్ దీని మీద హెచ్చరిక ఇచ్చింది. గిట్లాంటిది కనవడితే ఒక్క పని ముందు: నెట్ తెంపున్రి. వైఫై బంద్, కేబుల్ బయటికి. తర్వాత విండోస్ సెక్యూరిటీల ఉన్న డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ నడపున్రి. పాస్‌వర్డ్‌లు వేరే మంచి ఫోన్ల మార్చున్రి, అనుమానం ఉన్న కంప్యూటర్ మీద మార్చొద్దు. పైసలు పోయినయంటే సిగ్గుపడి ఊకోవద్దు. 1930కు జెప్పున ఫోన్ కొట్టున్రి. ఎంత తొందరగ చేస్తే పైసలు ఆగే ఆస్కారం అంత ఎక్కువ.

ఇంకా విండోస్ 10 మీదనే ఉన్నోళ్లకు ఒక మాట. 2025 అక్టోబర్ 14తోని దానికి మామూలు సపోర్ట్ ఖతమైంది. మానిటర్ ఎంత మంచిదైనా, అతుకులు పడని కట్టకు అది కాపలా మాత్రమే.

లెక్క అడుగుడు, తొంగి చూసుడు వేరు

ఈ పనిముట్లు చేతికి వస్తే కొందరు పోరగాళ్లకు ఇంకో బుద్ధి పుడ్తది. చెల్లె ఏ సైటు చూస్తున్నది, భార్య ఎవలతోని మాట్లాడుతున్నది, పక్కింటోళ్ల వైఫైల ఏం నడుస్తున్నది చూద్దామని. అది కావలి కాదు, కండ్లు పెట్టుడు. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసుల సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీలు ఒక్క మాట మీద చెప్పిన్రు, వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని. ఆ హక్కు కంపెనీల ముందట మనకు ఎట్లుండాలో, మన ఇంట్ల ఆడపిల్లకు మన ముందట అట్లనే ఉండాలె. ఇంటి కంప్యూటర్ల మానిటర్ పెడ్తే, వాడేటోళ్లందరికి చెప్పి పెట్టున్రి. ఎవలు ఎంత వాడిన్రో లెక్క అందరి ముందట ఉండాలె.

చివరికి చెయ్యాల్సింది చిన్న పని. కొత్తది ఏదీ దింపకుంట, వారం రోజులు పడుకునే ముందు రెండు నిమిషాలు డేటా యూసేజ్ పేజీ చూసి, పైన ఉన్న ఐదు పేర్లు, వాటి లెక్క నోట్‌బుక్కుల రాసుకోన్రి. వారం తిరిగేసరికి మీ కంప్యూటర్ మామూలుగ ఎంత తాగుతదో మీకు ఎర్కైతది. మామూలు ఏందో తెలిసినోనికే తేడా కనవడ్తది. అప్పుడు సుత జవాబు దొరకని ప్రశ్న ఉంటే, దానికి సరిపోయే సాఫ్ట్‌వేర్ ఒక్కటి, అసలు జాగలకెళ్లి, తెచ్చుకోన్రి.

పైసలు మనవి, కంప్యూటర్ మనది. లెక్క కూడ మన కాడనే ఉండాలె.